‘స్టార్ ట్రెక్’ సిరీస్‌లలో లొసుగులు, కంటిన్యుటీ పొరపాట్లు: ఏది కథకు దెబ్బ, ఏది కాదు?

నక్షత్రయాత్రి (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. అంతరిక్ష నౌక సాహసాల అమెరికన్ టీవీ సిరీస్ ‘స్టార్ ట్రెక్’ను ఎనభైలలో దూరదర్శన్‌లో ఆదివారం ఉదయం చూసి ఇష్టపడ్డవారు, తర్వాత కేబుల్ టీవీలో పట్టుకున్నవారు, ఈ మధ్యే ఓటీటీలో వరసపెట్టి చూస్తున్నవారు ఈ వేదికలో ఉన్నారు. ఈ సిరీస్‌లలో ఒకదానితో ఒకటి పొసగని విషయాల గురించి వేర్వేరు చోట్ల చెదురుమదురుగా మాట్లాడుకుంటూనే ఉన్నాం కాబట్టి, అన్నిటినీ ఒకే చర్చలోకి తెస్తే బాగుంటుందనిపించింది. నాదొక విన్నపం. తప్పు దొరికిందని చెప్పి ఊరుకోకుండా, అది ఎందుకు జరిగి ఉంటుందో, దానివల్ల ఆ ఎపిసోడ్ కథకు నిజంగా నష్టం కలిగిందో లేదో కూడా రాయండి. తప్పుల జాబితాలు ఇంటర్నెట్‌లో కొల్లలుగా ఉన్నాయి. వాటిని తూకం వేసి చూసినవారు తక్కువ.

మొదటి ఉదాహరణ నేనే ఇస్తాను. 1966లో ప్రసారమైన ‘వేర్ నో మ్యాన్ హాజ్ గాన్ బిఫోర్’ ఎపిసోడ్‌లో, అతీంద్రియ శక్తులు వంటబట్టిన గ్యారీ మిచెల్ తన పాత స్నేహితుడు, ఎంటర్‌ప్రైజ్ నౌక కెప్టెన్ అయిన కర్క్ బతికుండగానే అతనికి గొయ్యి సిద్ధం చేసి, తలవైపు సమాధి ఫలకం నిలబెడతాడు. ఆ ఫలకం మీద ‘జేమ్స్ ఆర్. కర్క్’ అని స్పష్టంగా కనిపిస్తుంది. ఆ తర్వాత అన్నిచోట్లా ఆయన జేమ్స్ టి. కర్క్, ఆ ‘టి’ అంటే టైబీరియస్ అని 1974లో యానిమేషన్ సిరీస్ చెప్పింది. ఈ ఎపిసోడ్ సిరీస్‌కు రెండో పైలట్, అంటే సిరీస్ తీయాలో వద్దో చూసేందుకు ముందుగా తీసిన నమూనా ఎపిసోడ్. దాన్ని తీసేనాటికి నాయకుడి పూర్తిపేరు ఇంకా ఖాయం కాలేదు. ఆ సన్నివేశానికి కావలసింది ఒక స్నేహితుడు మరో స్నేహితుడి చావును ముందే రాతిమీద రాసిపెట్టడం అనే భయంకరమైన ఊహ. ఇంటిపేరు ముందున్న అక్షరం ఏదైనా ఆ భయం తగ్గదు. కాబట్టి నా లెక్కలో ఇది పొరపాటే కానీ లొసుగు కాదు.

గెలీలియో

అదే తూకంతో చూస్తే అసలైన లొసుగు 1966 అక్టోబరులో వచ్చిన ‘ది ఎనిమీ విదిన్’లో ఉందని నేనంటాను. మనుషులను క్షణంలో నౌకకూ గ్రహానికీ మధ్య చేరవేసే ట్రాన్స్‌పోర్టర్ యంత్రం చెడిపోయి కర్క్ ఇద్దరుగా చీలిపోతాడు. యంత్రం బాగయ్యేదాకా ఎవరినీ పైకి తీసుకురాలేరు కాబట్టి, సులూ, మరికొందరు సిబ్బంది కింద గ్రహం మీద చిక్కుకుపోయి, రాళ్లను ఫేజర్లనే కిరణ తుపాకులతో వేడిచేసుకుంటూ, రాత్రి చలిలో గడ్డకట్టిపోయే స్థితికి వస్తారు. కథలోని తొందరంతా ఈ ఒక్క విషయం మీదే ఆధారపడింది: కింద ఉన్నవాళ్లను రక్షించడానికి ట్రాన్స్‌పోర్టర్ తప్ప మరో దారి లేదు. మరి ఎంటర్‌ప్రైజ్‌లో షటిల్ నౌకలు, అంటే గ్రహం మీదికి దిగే చిన్న నౌకలు, ఉన్నాయి కదా! 1967 జనవరిలో వచ్చిన ‘ది గెలీలియో సెవెన్’ కథంతా ఒక షటిల్ చుట్టూ తిరిగిందే. ఎనిమీ విదిన్‌లో నౌక ఉపనాయకుడు స్పాక్ గానీ, ఇంజనీరు స్కాటీ గానీ, కింద వణికిపోతున్న సులూ గానీ షటిల్ మాట ఎత్తరు. గాలులు ఎక్కువగా ఉన్నాయనో, షటిల్ మరమ్మతులో ఉందనో ఒక్క వాక్యం పెట్టినా సరిపోయేది.

కారణం అందరికీ తెలిసిందే. ఆ ఎపిసోడ్ తీసేనాటికి షటిల్ సెట్టే లేదు. ప్రతివారం నౌకను గ్రహం మీద దింపే దృశ్యాలకు డబ్బు చాలదనే ట్రాన్స్‌పోర్టర్‌ను కల్పించారు. తర్వాత నమూనా బొమ్మల కిట్లు అమ్మే ఏఎంటీ అనే సంస్థ, ఆ కిట్ల హక్కులకు బదులుగా నిలువెత్తు షటిల్ నమూనాను తయారుచేయించి ఇచ్చింది. కారణం తెలిసినంత మాత్రాన లొసుగు పూడిపోదని నా అభిప్రాయం.

స్క్రిప్ట్ నోట్‌బుక్

గెలీలియో గారూ, మీ వాదనలో ఒక చిక్కుంది. అక్టోబరులో ఆ ఎపిసోడ్ చూసిన ప్రేక్షకుడికి ఎంటర్‌ప్రైజ్‌లో షటిల్ ఉందన్న సంగతే తెలియదు. కథ తానే చెప్పిన నియమాన్ని తాను తప్పితే అది లొసుగు; నెలల తర్వాత మరొక రచయిత చెప్పిన సంగతిని బట్టి పాత కథను తప్పుపట్టడం ఎంతవరకు న్యాయం? ఆ కథ పుట్టిననాడు లొసుగు లేదు. గెలీలియో సెవెన్ వచ్చాక, వెనక్కి తిరిగి చూసినవారికి ఏర్పడింది.

నేను హైదరాబాద్‌లో టీవీ సీరియళ్లకు సహాయ దర్శకురాలిగా పనిచేస్తున్నాను. మా దగ్గర కంటిన్యుటీ రాసేవారి పుస్తకంలో ఒక్కో షాట్‌కు ఏముంటుందో చెబితే ఈ చర్చకు పనికొస్తుంది. సీను నంబరు, షాటు నంబరు పక్కన, అత్తగారి చేతికి గాజులెన్ని, కాఫీ గ్లాసు ఏ చేతిలో ఉంది, మంగళసూత్రం చీర పైకి కనబడుతోందా లోపల ఉందా, తలుపు ఎంత తెరిచి ఉంది, జడ ముందుకుందా వెనక్కుందా అని రాస్తాం. ఫోనుతో ఫోటో తీసి పెట్టుకుంటాం. గుమ్మం బయటి షాటు ఈరోజు, గుమ్మం లోపలి షాటు పదిరోజుల తర్వాత తీస్తారు కాబట్టి ఆ పుస్తకం లేకపోతే పనే నడవదు. కానీ ఆ పుస్తకం కాపాడేది ఒక సీనులోని, మహా అయితే ఒక ఎపిసోడ్‌లోని పొందికను మాత్రమే. వందల ఎపిసోడ్ల కిందట ఏ పాత్ర ఏమన్నదో గుర్తుపెట్టుకోవడం వేరే పని, దానికి ప్రత్యేకంగా ఒక మనిషిని పెట్టుకునే నిర్మాతలు చాలా అరుదు.

పాత స్టార్ ట్రెక్ స్క్రిప్టులను వాస్తవాల కోసం కెల్లమ్ డి ఫారెస్ట్ పరిశోధన సంస్థకు పంపించేవారు. అరవైల టీవీకి అది చాలా జాగ్రత్త కిందే లెక్క. అయినా మరో చోట దెబ్బ తగిలింది. తీసిన వరస ఒకటి, ప్రసారమైన వరస ఇంకొకటి. 1965లో తీసిన ఆ రెండో పైలట్ మూడో ఎపిసోడ్‌గా 1966 సెప్టెంబరు 22న ప్రసారమైంది. అంతకుముందు రెండు వారాల్లో డాక్టర్ మెకాయ్‌ని చూసిన ప్రేక్షకుడికి హఠాత్తుగా డాక్టర్ పైపర్ అనే ముసలాయన కనబడతాడు, అందరి యూనిఫాంలూ మారిపోతాయి, స్పాక్ ముఖం మీది మేకప్ కూడా వేరుగా ఉంటుంది. పైలట్ల తర్వాత అన్నిటికన్నా ముందు తీసిన ‘ది కార్బొమైట్ మనూవర్’, ఎఫెక్ట్స్ పని ఎక్కువ కావడంతో నవంబరు దాకా బయటికి రాలేదు. ఇలాంటివాటికి రచయితను తప్పుపట్టడం కూడదు. ఏ రీలు ముందు సిద్ధమైతే దాన్ని ప్రసారానికి పంపక తప్పని వారపు గడువు వల్ల వచ్చిన తేడాలివి.

వల్కన్ వీధి

తండ్రి వల్కన్ గ్రహవాసి, తల్లి మనిషి అయిన స్పాక్ గురించి ఒకటి. 1966 డిసెంబరులో వచ్చిన ‘ది కాన్షెన్స్ ఆఫ్ ద కింగ్’లో, తన తండ్రి జాతికి మద్యం అలవాటు లేదని స్పాక్ అంటే, అందుకేనా మీ జాతిని జయించారని మెకాయ్ ఎద్దేవా చేస్తాడు. 1968 జనవరిలో వచ్చిన ‘ది ఇమ్యూనిటీ సిండ్రోమ్’లోనేమో, వల్కన్ తన సామూహిక జ్ఞాపకంలో ఎన్నడూ పరాజితం కాలేదనీ, ఓటమి అంటే ఏమిటో ఊహించడం కూడా వల్కన్లకు చేతకాదనీ స్పాక్ చెబుతాడు. నాలుగువందల మంది వల్కన్లున్న ఇంట్రెపిడ్ నౌక నాశనమైనప్పుడు, చివరి క్షణంలో వాళ్లకు కలిగింది భయం కాదు, ఆశ్చర్యం అని అతను వివరించే ఘట్టం ఈ మాట మీదే నిలబడింది. మొదటిది మందు బల్ల దగ్గరి వేళాకోళం, రెండోది కథకు వెన్నెముక. రెండూ నిజం కాలేవు కాబట్టి నేను రెండోదాన్నే ఉంచుకుంటాను.

నక్షత్రయాత్రి

వల్కన్ వీధి గారు చెప్పినదాంట్లో మనకొక కొలబద్ద దొరికింది. రెండు మాటలు పొసగనప్పుడు, వాటిలో ఏ మాట మీద ఒక కథ తన బరువు మోపిందో చూడాలి. ఏ కథా బరువు మోపని మాట తప్పినా ఫరవాలేదు. బరువు మోపిన మాట తప్పితే ఆ కథే కూలుతుంది. స్క్రిప్ట్ నోట్‌బుక్ గారి అభ్యంతరాన్ని ఒప్పుకుంటూనే, షటిల్ లొసుగు అందుకే అంత ఇబ్బందిపెడుతోందని అనుకుంటున్నాను.

పురాణ పాఠకుడు

ఈ చర్చ చదువుతుంటే మన పురాణ వ్యాఖ్యాతల పద్ధతి గుర్తొచ్చింది. ఒకే కథ ఒక పురాణంలో ఒకలా, ఇంకో పురాణంలో మరోలా ఉంటే, ఏదో ఒకటి అబద్ధమనకుండా ‘కల్పభేదం’ అని సమన్వయం చేశారు. ఒక కల్పంలో అలా జరిగింది, మరో కల్పంలో ఇలా జరిగింది అన్నారు. ఎక్కడా పొసగని శ్లోకాన్ని ప్రక్షిప్తమని పక్కన పెట్టారు. స్టార్ ట్రెక్ అభిమానులూ, తర్వాతి తరం రచయితలూ చేసింది ఇంచుమించు ఇదే.

ఈ సిరీస్‌లలోని యోధజాతి క్లింగాన్ల నుదురు దీనికి మంచి ఉదాహరణ. 1966 నుంచి 1969 దాకా నడిచిన తొలి సిరీస్‌లో క్లింగాన్ల నుదురు నున్నగా మనుషుల నుదురులాగే ఉంటుంది. 1979లో సినిమాకు డబ్బు దొరికాక వాళ్ల నుదుటిమీద ఎముకల గట్లు వచ్చాయి. అది మేకప్ ఖర్చుకు సంబంధించిన విషయమని, వాళ్లు ఎప్పుడూ అలాగే ఉన్నట్టు అనుకోమని ప్రేక్షకులకు చెప్పకనే చెప్పారు. 1994లో, అంతరిక్ష స్టేషన్ మీద నడిచే తర్వాతి సిరీస్ ‘డీప్ స్పేస్ నైన్’లోని ‘బ్లడ్ ఓత్’ ఎపిసోడ్ కోసం తొలి సిరీస్‌లోని కోర్, కోలోత్, కాంగ్ పాత్రలను, అవే పాత్రలు వేసిన నటులతోనే మళ్లీ తెచ్చినప్పుడు ముగ్గురికీ గట్లు పెట్టడంతో ఆ వాదన బలపడింది కూడా. కానీ 1996లో 30 ఏళ్ల పండుగకు తీసిన ‘ట్రయల్స్ అండ్ ట్రిబుల్-ఏషన్స్’లో పాత ఎపిసోడ్ దృశ్యాల్లోకే కొత్త పాత్రలను ప్రవేశపెట్టేసరికి, నున్నని నుదుటి క్లింగాన్లను పక్కనే ఉండి చూసిన, తానూ గట్లున్న క్లింగానే అయిన వార్ఫ్‌ను తోటివాళ్లు అడగక తప్పలేదు. బయటివాళ్లతో మేము ఆ సంగతి మాట్లాడం అని వార్ఫ్ ఒక్క ముక్కలో తేల్చేశాడు. చివరికి 2005లో ‘ఎంటర్‌ప్రైజ్’ సిరీస్ రెండు ఎపిసోడ్లు వెచ్చించి, జన్యుమార్పిడి ప్రయోగం వికటించి పుట్టిన వైరస్ వల్ల క్లింగాన్లలో చాలామందికి నుదుటి గట్లు పోయాయని సమన్వయం చెప్పింది. ఒక మేకప్ తేడాను ఇంత ఓపికగా కథలోకి ఇముడ్చుకోవడం నాకు చాలా గౌరవం కలిగించింది.

గెలీలియో

ఆ సమన్వయం అక్కరలేదని నా ఉద్దేశం. వార్ఫ్ చెప్పిన మాటలో ఒక జాతి అవమానం, అభిమానం, మౌనం అన్నీ ఉన్నాయి. వైరస్ కథ వచ్చాక ఆ మాట వెనక ఏముందో తెలిసిపోయింది, దాని బరువు తగ్గింది. అన్ని తేడాలకూ కారణం చెప్పాలన్న పట్టుదల మంచిది కాదు.

పురాణ పాఠకుడు

గెలీలియో గారూ, ఒక్క వాక్యం పెడితే షటిల్ లొసుగు పూడిపోయేదని పైన మీరే అన్నారు. అక్కడ కావలసిన కారణం ఇక్కడ ఎందుకు వద్దు? వార్ఫ్ మాటలోని అభిమానం వైరస్ కథ విన్న తర్వాత నాకు మరింత అర్థమైంది. తమ వైద్యుల ఆశ వల్లే తమ రూపం పోయిందని ఏ యోధజాతి బయటివాళ్లకు చెప్పుకుంటుంది?

బోటనీ బే

నక్షత్రయాత్రి గారి కొలబద్దకు లొంగని ఉదాహరణ ఒకటి ముందు పెడుతున్నాను. 1982 నాటి ‘ది రాత్ ఆఫ్ ఖాన్’ సినిమాలో ప్రతినాయకుడు ఖాన్, కర్క్ పాత సిబ్బందిలోని చెకోవ్‌ను చూడగానే గుర్తుపట్టి, తాను చూసిన ముఖం మరిచిపోనంటాడు. ఖాన్ మొదట కనిపించిన ‘స్పేస్ సీడ్’ 1967 ఫిబ్రవరిలో ప్రసారమైంది. చెకోవ్ పాత్ర వేసిన వాల్టర్ కోనిగ్ రెండో సీజన్‌లో, అంటే 1967 సెప్టెంబరులో గానీ తెరమీదికి రాలేదు. (ఖాన్‌ను ఉత్తర భారతదేశపు సిక్కు అయి ఉంటాడని ఆ ఎపిసోడ్‌లో ఊహించి, మెక్సికోలో పుట్టిన రికార్డో మాంటల్‌బాన్‌తో వేయించడం మరో చర్చకు తగిన విషయం.) ఇక్కడ సినిమా తన బరువంతా ఈ పరిచయం మీదే మోపింది. శిథిలమైన గదిలో ఖాన్ నౌక ‘బోటనీ బే’ పేరు కంటపడగానే చెకోవ్ ముఖంలో రక్తం ఇంకిపోవాలంటే ఆ పేరు అతనికి ముందే తెలిసి ఉండాలి. కథ బరువు మోపిన మాట తప్పు, అయినా సినిమా కూలలేదు. ఎందుకంటారు?

నక్షత్రయాత్రి

చెకోవ్ అప్పుడు నౌకలో లేడని స్పేస్ సీడ్ ఎక్కడా చెప్పలేదు. తెరమీద కనబడకపోవడం, లేకపోవడం ఒకటి కాదు. ఆ నౌకలో నాలుగువందలకు పైగా సిబ్బంది ఉన్నారు. పైగా చెకోవ్ కనిపించే ‘క్యాట్స్‌పా’ ఎపిసోడ్ స్టార్‌డేట్ (కథలోని తేదీ) 3018.2, స్పేస్ సీడ్‌ది 3141.9. స్టార్‌డేట్లను నమ్మితే ఖాన్ వచ్చేనాటికే చెకోవ్ నౌకలో పనిచేస్తున్నాడు. ఇక్కడున్నది ఖాళీ మాత్రమే, విరోధం లేదు. ఖాళీని నింపే హక్కు తర్వాతి కథకు ఉంటుంది.

సహజీవి

అయితే ట్రిల్ జాతి సంగతి ఏమంటారు? ఇది నన్ను నిజంగా బాధపెట్టిన విరోధం. తొలి సిరీస్ తర్వాత వచ్చిన ‘నెక్స్ట్ జనరేషన్’లో 1991లో వచ్చిన ‘ది హోస్ట్’ కథలో నౌక వైద్యురాలు డాక్టర్ క్రషర్, ట్రిల్ జాతివాడైన ఒడాన్ అనే రాయబారిని ప్రేమిస్తుంది. అతని అసలు ప్రాణం శరీరం లోపల ఉండే మరో జీవి అనీ, పైకి కనిపించేది ఆ జీవి ఆశ్రయించిన దేహం మాత్రమేననీ ఆమెకు గానీ, నౌకలో మరెవరికి గానీ తెలియదు. ట్రాన్స్‌పోర్టర్ వాడితే లోపలి జీవికి ప్రమాదం కాబట్టి ఒడాన్ షటిల్‌లోనే వెళ్తానని పట్టుబడతాడు, దాని మీద దాడి జరుగుతుంది, గుట్టు బయటపడుతుంది. కథ నడక మొత్తం ఈ రెండు సంగతుల మీదే ఉంది.

రెండేళ్లు తిరక్కుండా, 1993లో మొదలైన డీప్ స్పేస్ నైన్‌లో జాడ్జియా డాక్స్ అనే ట్రిల్ ముఖ్యపాత్ర అయింది. ఆమె రోజూ ట్రాన్స్‌పోర్టర్ వాడుతుంది. ఆమె లోపలి జీవి గురించి స్టేషన్‌లో అందరికీ తెలుసు. స్టేషన్ కమాండర్ సిస్కో అయితే అంతకుముందటి దేహంలో ఉన్న డాక్స్‌తో ఏళ్ల తరబడి స్నేహం చేసినవాడు. నుదుటి గట్లు పోయి మెడ పక్కన మచ్చలు వచ్చాయన్నది చిన్న విషయం, దాన్ని నేను పట్టించుకోను. కానీ ఈ నౌకలను నడిపే స్టార్‌ఫ్లీట్ సంస్థ అధికారి ఒకరి జాతి గురించి, స్టార్‌ఫ్లీట్‌లోనే పేరున్న వైద్యురాలికి ఏమీ తెలియదనడం ఎలా కుదురుతుంది? కొత్త సిరీస్ తనకు కావలసిన పాత్రను నిర్మించుకునే క్రమంలో, వెనక ఉన్న ఒక మంచి ప్రేమకథ కాళ్ల కింది నేలను తీసేసింది. డాక్స్ పాత్ర నాకు ప్రాణం. అయినా ఈ నష్టం నిజమైన నష్టమే.

స్క్రిప్ట్ నోట్‌బుక్

సహజీవి గారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మచ్చల విషయంలో మాత్రం మేకప్ వాళ్ల వైపునుంచి ఒక మాట. ఒక్క ఎపిసోడ్ అతిథి పాత్రకు నుదుటికి రబ్బరు అతికించడం వేరు, ఏళ్ల తరబడి ప్రతి షూటింగ్ రోజూ ఒక నటి ముఖం మీద అతికించడం వేరు. డాక్స్ పాత్ర వేసిన టెర్రీ ఫారెల్‌కు మొదట గట్లతోనే మేకప్ పరీక్ష చేసి, తర్వాత మచ్చలకు మారారు.

ఈ రెండు సిరీస్‌లలోనూ ఉన్న సాంకేతిక నిపుణుడు ఓబ్రయన్ కాలర్ కూడా ఇలాంటిదే. నెక్స్ట్ జనరేషన్ రెండో సీజన్‌లో అతని కాలర్ మీద లెఫ్టినెంట్ గుర్తులుంటాయి, నౌక ఉపనాయకుడు రైకర్ ఒకసారి లెఫ్టినెంట్ అని పిలుస్తాడు కూడా. 1990లో వచ్చిన ‘ఫ్యామిలీ’ నుంచి అతను చీఫ్ పెటీ ఆఫీసర్, అంటే అధికారి హోదాలేని నిపుణుడు. డీప్ స్పేస్ నైన్ అతని వ్యక్తిత్వాన్నంతా దీని మీదే కట్టింది. అకాడమీ నుంచి వచ్చిన కుర్ర అధికారులకు లేని చేతిపని అనుభవం అతని బలం. కాస్ట్యూమ్స్ వాళ్లు మొదట్లో పెట్టిన గుర్తులను అందుకే నేను ప్రక్షిప్తాల కింద వేస్తాను.

పాత క్యాసెట్

ఒకే ఎపిసోడ్‌లో తన నియమాన్ని తానే తప్పిన ఉదాహరణ కావాలంటే నెక్స్ట్ జనరేషన్‌లో 1988 జనవరిలో వచ్చిన ‘డేటాలోర్’ చూడండి. యంత్రమానవుడు డేటాకూ, అచ్చు అతనిలాగే ఉండే లోర్‌కూ మాటలో తేడా ఏమిటంటే, డేటా ‘ఐ యామ్’ అని విడదీసి మాట్లాడతాడు, ‘ఐమ్’ అని కలపడం అతనికి చేతకాదు. ఎవరు ఎవరో కనిపెట్టడానికి ప్రేక్షకుడికి కథ ఇచ్చిన ఆధారాల్లో ఇదొకటి. అన్నీ సర్దుకున్నాక, నీకు బాగానే ఉందా అని కెప్టెన్ పికార్డ్ అడిగితే డేటా ‘ఐమ్ ఫైన్’ అంటాడు! నిజానికి అక్కడ మిగిలింది లోరేమోనని అప్పట్లో కొందరు అనుమానించారు. రచయితల ఉద్దేశం అది కాదు, నోటి అలవాటు దొర్లిపోయింది. చిన్న మాటే, కానీ కథ తన బరువు మోపిన చోటే విరిగింది.

దీంతో పోలిస్తే, తొలి ఎపిసోడ్‌లో డేటా తాను 78వ సంవత్సరం బ్యాచ్ అని చెప్పుకోవడం, అదే సీజన్ చివర కథాకాలం 2364 అని, అంటే 78 ఇంకా రాలేదని, తేలడం పెద్ద తప్పులా కనిపించే చిన్న తప్పు. ఆ పట్టభద్ర సంవత్సరం మీద ఏ కథా ఆధారపడలేదు.

డెల్టా వైపు

‘వాయేజర్’ మాట ఇంకా రాలేదు. 1995లో మొదలైన ఆ సిరీస్ పునాదే కొరత. ఇంటికి 70,000 కాంతి సంవత్సరాల దూరంలో, 75 ఏళ్ల ప్రయాణం ముందు పెట్టుకుని, ఓడరేవు లేని సముద్రంలో చిక్కిన నౌక అది. ‘ది క్లౌడ్’ ఎపిసోడ్‌లో తమ దగ్గర 38 ఫోటాన్ టార్పెడోలు ఉన్నాయనీ, అవి అయిపోతే మళ్లీ తయారుచేసుకునే దారి లేదనీ స్పష్టంగా చెప్పారు. ఆ తర్వాత ఏడు సీజన్లలో ప్రయోగించిన టార్పెడోలను అభిమానులు లెక్కపెట్టి, 38 ఎప్పుడో దాటిపోయిందని తేల్చారు. షటిళ్లు కూడా పోతూనే ఉంటాయి, మళ్లీ వస్తూనే ఉంటాయి. తయారీ పద్ధతి కనిపెట్టామని ఒక్క సన్నివేశం చాలు. 2001లో సిరీస్ ముగిసేదాకా ఆ సన్నివేశం రాలేదు.

టార్పెడోల సంఖ్య నాకు ముఖ్యం కాదు. కొరత కథకు ఆధారమని ముందే చెప్పి, ఆ కొరతను ఎక్కడా అనుభవంలోకి రానివ్వకపోవడమే అసలు లొసుగు. వారం వారం గోడలు చీలి, సిబ్బంది గాయపడి, పై వారానికి నౌక కొత్తదానిలా మెరిసిపోతుంది. 1997 నాటి ‘ఇయర్ ఆఫ్ హెల్’ రెండు భాగాల్లో మాత్రం నౌక నిజంగా చితికిపోయి, ఆకలి, అలసట కళ్లకు కట్టాయి. చివరికి కాలమే వెనక్కి తిరగడంతో అదీ జరగనట్టే అయింది. వాయేజర్ బృందంలో కొద్దికాలం పనిచేసి బయటికొచ్చిన రోనాల్డ్ డి. మూర్, తర్వాత తీసిన మరో అంతరిక్ష సిరీస్ ‘బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా’లో బతికున్నవారి సంఖ్యను టైటిల్స్‌లోనే చూపించడం ఈ లోటుకు జవాబని నేను నమ్ముతాను. ఒక మనిషి చనిపోతే ఆ అంకె తగ్గుతుంది. అంకె తగ్గడం కథలో జరిగిన సంఘటనే.

స్క్రిప్ట్ నోట్‌బుక్

డెల్టా వైపు గారి ఆవేదన అర్థమైంది కానీ, ఆ కాలపు వ్యాపారాన్ని కూడా చూడాలి. తొలి సిరీస్ 1969లో ఆగిపోయాక దాన్ని బతికించింది స్థానిక చానళ్ల పునఃప్రసారాలే. నెక్స్ట్ జనరేషన్‌ను నేరుగా అలాంటి చానళ్లకే అమ్మారు. ఆ చానళ్లు ఎపిసోడ్లను ఏ వరసలోనైనా వేసుకోగలగాలి, మధ్యలో ఒకటి తప్పినవాడికి పై వారం కథ అర్థం కావాలి. ప్రతి ఎపిసోడ్ చివర అన్నీ మొదటికి రావడం రచయితల సోమరితనం కాదు, అమ్మకపు షరతు. వాయేజర్ వేరే నెట్‌వర్క్‌లో వచ్చినా ఆ అలవాటు అలాగే కొనసాగింది. ఇంట్లో వీసీఆర్‌లు వచ్చి, ఒకే ఎపిసోడ్‌ను ఆపి ఆపి చూడడం మొదలయ్యాకే ఈ తేడాలు మామూలు ప్రేక్షకుడికి దొరికాయి; 1993లో ఫిల్ ఫరాండ్ నెక్స్ట్ జనరేషన్ తప్పుల మీద ఒక పుస్తకమే వేశారు.

డెల్టా వైపు

అమ్మకపు షరతు అదే అయినప్పుడు, 38 అని సంఖ్య చెప్పకుండా ఉండవలసింది. నిలబెట్టుకోలేని మాటను ప్రేక్షకుడి చేతికి ఇవ్వకూడదు.

జెనోలన్

ఇంతవరకు ఎవరూ ఎత్తని ఉదాహరణను ముందుకు తెస్తున్నాను. నా దృష్టిలో ఈ సిరీస్‌లన్నిటిలో బాగా లోతైన విరోధం ఇదే. 1992 అక్టోబరులో వచ్చిన ‘రెలిక్స్’లో, 75 ఏళ్లుగా ట్రాన్స్‌పోర్టర్ బఫర్‌లో (చేరవేసే మనిషి రూపం తాత్కాలికంగా నిలవ ఉండే భాగంలో) ఇరుక్కున్న స్కాటీని రైకర్ బృందం బయటికి తీస్తుంది. వచ్చింది ఎంటర్‌ప్రైజ్ నుంచి అని వినగానే, తనను వెతకడానికి జిమ్ కర్క్ స్వయంగా పాత నౌకను బయటికి తీసి ఉంటాడని స్కాటీ సంబరపడతాడు. రెండేళ్ల తర్వాత, 1994 నవంబరులో వచ్చిన ‘జనరేషన్స్’ సినిమాలో, కొత్త ఎంటర్‌ప్రైజ్ తొలి ప్రయాణంలో నౌక పక్కభాగం చీలిపోయి కర్క్ గల్లంతైనప్పుడు స్కాటీ అక్కడే ఉన్నాడు. ఇక్కడ ఎవరైనా ఉన్నారా అని చెకోవ్ అడిగితే, ఉన్నాడని జవాబిచ్చింది స్కాటీయే. కథాకాలం ప్రకారం కర్క్ పోయింది 2293లో, స్కాటీ బఫర్‌లో చిక్కింది 2294లో. స్నేహితుడి చావును కళ్లారా చూసినవాడు ఏడాది తిరిగేసరికి అతను వెతుక్కుంటూ వస్తాడని ఎలా అనుకుంటాడు?

రెండు రచనల్లోనూ మూర్ చేయి ఉంది. రెలిక్స్ ఆయనే రాశారు, జనరేషన్స్‌ను బ్రానన్ బ్రాగాతో కలిసి రాశారు. సినిమాలో ఆ చోట మొదట అనుకున్నది స్పాక్, మెకాయ్‌లను. లెనార్డ్ నిమోయ్, డిఫారెస్ట్ కెల్లీ ఒప్పుకోకపోవడంతో వాళ్ల భాగం స్కాటీ, చెకోవ్‌లకు వచ్చింది.

పురాణ పాఠకుడు

75 ఏళ్లు బఫర్‌లో ఉన్నవాడి మనసు ఒక్క క్షణం తడబడిందని సమన్వయం చెప్పుకోవచ్చు కదా? గాఢనిద్రలోంచి లేచిన ముసలివాడు పోయినవాళ్లను పేరుపెట్టి పిలవడం మనం ఇళ్లలో చూస్తూనే ఉంటాం.

జెనోలన్

ఆ సమన్వయాన్ని నేను ఒప్పుకోలేను, ఎందుకంటే అది రెలిక్స్ కథనే దెబ్బతీస్తుంది. ఆ ఎపిసోడ్‌లో స్కాటీ బుర్ర చురుగ్గానే ఉంది. కొత్త ఇంజన్ల గదిలో అతని అనుభవం ఎవరికీ అక్కరలేకపోవడమే అతని దుఃఖం. మతి తడబడ్డ ముసలివాడిగా చూడడం మొదలుపెడితే, కొత్త నౌక ఇంజనీరు జోర్డీ అతన్ని మొదట్లో విసుక్కోవడం న్యాయమే అవుతుంది, చివర అతని ఉపాయంతోనే ఎంటర్‌ప్రైజ్ బయటపడడం కాకతాళీయమవుతుంది. సినిమా చేసిన తప్పుకు ఎపిసోడ్ ఎందుకు శిక్ష అనుభవించాలి? స్పాక్, మెకాయ్ ఒప్పుకుని ఉంటే విరోధం కొంత తగ్గేది. పూర్తిగా పోయేది మాత్రం కాదు. కర్క్ లాంటివాడి చావు వార్త ఏడాదిలో స్కాటీ చెవిన పడకుండా ఎలా ఉంటుంది?

గెలీలియో

అదే ఎపిసోడ్‌లో మరొకటి ఉంది జెనోలన్ గారూ. ఎంటర్‌ప్రైజ్ నక్షత్రం చుట్టూ కట్టిన డైసన్ గోళం లోపల చిక్కుకున్నప్పుడు, స్కాటీ, జోర్డీ స్కాటీ చిక్కుకున్న పాత జెనోలన్ నౌకను మూసుకుపోతున్న ద్వారం మధ్యకు తోసి, దాని రక్షణ కవచాల బలంతోనే తలుపులను ఆపుతారు. నౌక అక్కడినుంచి కదిలే వీల్లేదు కాబట్టి ఎంటర్‌ప్రైజ్ వాళ్లిద్దరినీ ట్రాన్స్‌పోర్టర్‌తో లాక్కుని, జెనోలన్‌ను పేల్చేసి బయటికి దూసుకుపోతుంది. కవచాలు లేచి ఉండగా ట్రాన్స్‌పోర్టర్ పనిచేయదన్నది ఈ సిరీస్‌లన్నిటిలో పదేపదే చెప్పిన నియమం. కవచాలు దించితే తలుపులు నౌకను నలిపేస్తాయి, దించకపోతే మనుషులను తీసుకురాలేరు.

జెనోలన్

అది సరైన పట్టే, గెలీలియో గారూ. కవచాలు దించిన మరుక్షణమే లాక్కోవాలని జోర్డీ నోట ఒక్క మాట పెట్టి ఉంటే, ఆ అరక్షణం ప్రేక్షకుడికి ఊపిరి బిగబట్టే ఘట్టమయ్యేది, నియమమూ నిలిచేది. నక్షత్రయాత్రి గారూ, మీరు చివర్లో పట్టిక చేస్తానంటే రెలిక్స్‌ను రెండు చోట్ల వేయండి. కర్క్ మాటను జనరేషన్స్ ఖాతాలో వేయాలి, ఎందుకంటే 1992లో ఆ మాటలో ఏ దోషమూ లేదు. కవచాల లొసుగు మాత్రం రెలిక్స్‌దే. డేటాలోర్ పక్కన పెట్టవలసింది దాన్నే.

నక్షత్రయాత్రి

అలాగే వేస్తాను. ఎనిమీ విదిన్, ది హోస్ట్ రెండూ కర్క్ మాట ఉన్న వరసలోకే వస్తాయి: పుట్టిననాడు నిర్దోషమైనవి, తర్వాత వచ్చిన కథల వల్ల దెబ్బతిన్నవి. వాయేజర్ టార్పెడోలను ఎక్కడ వేయాలన్నది ఇంకా తేలలేదు. డెల్టా వైపు గారు, స్క్రిప్ట్ నోట్‌బుక్ గారు ఆ వాదన ముగించాక వేస్తాను.